బోటుకి సరిపడే కుక్క

“కుక్క సంగతి నువ్వు చూసుకో” అన్నారు మా ఆయన, కంచంలోంచి తలెత్తకుండా. నేను పెనం మీద మూడో దోసె తిరగేస్తున్నాను. బోటు సంగతి ఆయనే చూసుకున్నారు. చూసుకోవడమంటే, కొనేసి, సంతకాలు పెట్టేసి, తాళంచెవులు జేబులో వేసుకుని వచ్చి, “విమలా, ఒక మంచి వార్త” అన్నారు. ఆగస్టు ఆఖరుకి ఇండియన్లుండే ఈ షాల్‌క్రాస్ పేటలో మా ఇంటి అద్దె గడువు అయిపోతుందట. సెప్టెంబరు నుంచి మేం ముగ్గురం, అంటే ఆయనా నేనూ పన్నెండేళ్ళ మా కీర్తీ, డర్బన్ హార్బర్లో ముప్ఫై ఆరడుగుల తెరచాప బోటు మీద కాపురం ఉంటామట. ఆయన ఆఫీసులో లెస్లీ అని ఒక తెల్లాయన ఉన్నాడు. దేశం మారిపోయింది, ఇక ఇక్కడ ఉండలేనని మూటాముల్లే సర్దుకుని ఆస్ట్రేలియా పోతున్నాడు. ఆ బోటు ఆయనది. విశాఖపట్నంలో ఓడల ఇంజనీరుగా పన్నెండేళ్ళు చేసి, రెండేళ్ళ క్రితం తొంభై అయిదులో ఇక్కడి ఓడల మరమ్మతు యార్డుకి వచ్చిన మా సత్యనారాయణగారికి, ఇతరుల ఓడలు బాగుచేసీ చేసీ, సొంతానికి ఒకటి ఉండాలనిపించిందట. “జీవితంలో ఒక్కసారైనా స్వేచ్ఛగా బతకాలి కదా” అన్నారు. నేను దోసె ఆయన కంచంలో వేసి, “మీ ఇష్టం” అన్నాను.

ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో నేను ఎక్కువసార్లు అన్నమాట ఇదే అయివుంటుంది. చీర ఏ రంగు తెమ్మంటావు, మీ ఇష్టం. కీర్తిని ఏ బళ్ళో వేద్దాం, మీ ఇష్టం. సౌతాఫ్రికా వెళ్దామా, మీ ఇష్టం. అది అవునూ కాదు, కాదూ కాదు. అలా అంటే మర్యాదగా ఉంటుందని మా అమ్మ నేర్పింది. ఆయన ప్రతిసారీ దాన్ని అవుననే విన్నారు, ఆయనకి అదే వీలు. నాకూ అందులో ఒక వీలు ఉందని ఒప్పుకోవాలి. పని చెడితే తప్పు ఆయనది, బాగుపడితే అనుకూలవతి అన్న పేరు నాది. అసలు నాకేం ఇష్టమో ఆలోచించే శ్రమ తప్పేది. పధ్నాలుగేళ్ళు తప్పించుకుంటే ఆలోచించే అలవాటే పోతుందని నాకు ఈ కుక్క వచ్చేదాకా తెలీలేదు.

బోటు మీద కుక్క లేకపోతే దొంగల భయమని లెస్లీ చెప్పాడట. కీర్తికి కుక్కంటే ప్రాణం. అందుకని అందరి తరఫునా నాకు బాధ్యత అప్పజెప్పారు. “ఫ్యామిలీకీ సూటవ్వాలి, బోటుకీ సూటవ్వాలి. నువ్వెలాగూ ఎమ్మెస్సీ కదా, స్టడీ చెయ్యి” అన్నారు నవ్వుతూ. నా ఎమ్మెస్సీని ఆయన ఇలాంటప్పుడే గుర్తుచేసుకుంటారు.

సరే, స్టడీ చేశాను. చాట్స్‌వర్త్ లైబ్రరీ నుంచి కుక్కల పుస్తకాలు రెండు తెచ్చాను. నేను మొబేనిలో ఒక రంగుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. కొనేవాళ్ళు అడిగిన రంగు నమూనాకి, డ్రమ్ములో కలిపిన రంగు సరిపోయిందా లేదా చూడడం నా ఉద్యోగం. చూసేది నేను, రెండు చుక్కల నలుపు ఎక్కువైందని పట్టుకునేది నేను. కాని కార్డు మీద ‘పరీక్షించినది’ అన్నచోట సంతకం మాత్రం సూపర్‌వైజర్ సామ్ పెడతాడు. “నీది టెంపరరీ పోస్టు, మిసెస్ సత్యా, నీ సంతకం చెల్లదు” అంటాడు. నా పేరు సత్య కాదని మూడుసార్లు చెప్పి ఊరుకున్నాను. ఆ పాడైపోయిన కార్డుల వెనకాల, మధ్యాహ్నం టిఫిన్ బాక్సు ముందు పెట్టుకుని, కుక్కల పట్టిక గీశాను.

లాబ్రడార్ మంచిదే, ఫోటోలో బావుంటుందని మా ఆయన మనసు దానిమీదే. కాని ముప్ఫై కిలోల కుక్క నీళ్ళలో పడితే ఎత్తి పైకి లాగేది ఎవరు? దాని బొచ్చు రాలి బోటు అడుగున నీళ్ళు తోడే పంపులో ఇరుక్కుంటుంది. షాల్‌క్రాస్‌లో ప్రతి గేటు వెనకాలా ఉండే అల్సేషన్‌కి బోటు చాలదు. మా అత్తగారికి విశాఖలో ఉన్న పామరేనియన్ అలకి కూడా మొరుగుతుంది. పొట్టికాళ్ళ సాసేజ్ కుక్కకి క్యాబిన్‌లోకి దిగే నిట్టనిలువు మెట్లు ఎక్కీ దిగీ నడుం విరుగుతుంది. జాక్ రస్సెల్ చేపని చూస్తే దూకేస్తుంది. పూడుల్‌కి బొచ్చు రాలదు గాని నెలనెలా క్షవరం కావాలి. మూడు వారాలు ఇలా తీసేసుకుంటూ పోతే చివరికి ఒకటి మిగిలింది. స్కిపర్‌కీ. నల్లగా, ఏడెనిమిది కిలోలు, తోక లేదు. బెల్జియం కాలువల్లో సరుకు పడవల మీద ఎలకలు పట్టడానికీ కాపలాకీ పెంచిన జాతి. ఇరుకు అలవాటు, పడవ అలవాటు, పిల్లలంటే ఇష్టం. నాకు పరీక్ష పాసయినంత సంతోషమైంది. కార్డు తీసుకెళ్ళి ఆయనకి చూపించాను.

“ఇది లెస్లీ కుక్కే కదా!” అన్నారు. “ఆయన్నడిగితే అర నిమిషంలో చెప్పేవాడు. దీనికింత చదవాలా?”

ఆ మాటకి నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు. ఆయన మాత్రం టీవీ వైపు తిరిగిపోయారు.

మా ఇల్లుగలావిడ అంబీ ఆంటీ కింది వాటాలో ఉంటుంది. అరవై దాటింది. తాతలు చెరకు తోటల పనికి విశాఖ వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో అంతా ఇంగ్లీషే. దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు, కోపం వచ్చినప్పుడు, నాతోనూ మాత్రం ఆవిడకి తెలుగు వస్తుంది. విషయం విని వాకిట్లో చీపురు కింద పడేసింది.

“హావ్! కుక్కని పడవెక్కిత్తావా? ఇమలా, మా అవ్వ పడవలో ఒచ్చినాది తెల్సా? దిగినాది, అంతే. సచ్చేదాకా మల్లా సముద్రం మొకం సూడనేదు. పిల్లలం బీచ్‌కి పోదాం రా అవ్వా అంటే, నాకొద్దు, నేను సూసినాను, సాలు అనేది. ఇల్లు ఒదిలి మల్లా పడవెక్కేది మీరే. ఐయామ్ టెల్లింగ్ యూ, మీ ఆయనకి మతి లేదు. నీకిష్టమేనా?”

ఆవిడ జవాబు కోసం ఆగలేదు, చీపురు అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను జవాబు చెప్పకుండా బతికిపోయాను.

స్కిపర్‌కీలు పెంచేది తెల్లవాళ్ళుండే హిల్‌క్రెస్ట్‌లో మోరీన్ అనే ఆవిడ. నంబరు లెస్లీ ఇచ్చాడు. ఫోన్ చేసి పేరు చెప్పగానే, “ఎక్కడుంటారు?” అంది. షాల్‌క్రాస్ అన్నాను. “నా కుక్కల్ని అటువైపు ఇవ్వనమ్మా. అక్కడ పెరట్లో గొలుసుకి కట్టేస్తారు కదా” అంది, ఎంతో మర్యాదగా. నాకు చెవులు వేడెక్కాయి. “మేం బోటు మీద ఉండబోతున్నాం” అన్నాను. “మీరా?” అంది. మళ్ళీ, “సరే, ఆదివారం రండి. అందరూ రావాలి” అంది.

పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు తయారై వెళ్ళాం. నేను సున్నుండలు చేసి డబ్బాలో పెట్టాను. ఎవరింటికైనా వట్టి చేతులతో వెళ్ళడం మాకు తెలీదు. ఆవిడ డబ్బా తీసుకుని, మూత తెరవకుండా అలమారు మీద పెట్టింది. తర్వాత నాలుగు పేజీల ఫారం ఒకటి తెచ్చి కళ్ళజోడు పెట్టుకుంది. కుక్క ఎక్కడ పడుకుంటుంది? పడవలోంచి పడితే ఎవరు దూకుతారు? రోజూ పొద్దున్నే ఒడ్డుకి ఎవరు తీసుకెళ్తారు? ఆ ప్రశ్నకి మా ఆయన హుందాగా “అందరం” అన్నారు. మా ఇంట్లో ‘అందరం’ అంటే ఎవరో నాకూ కీర్తికీ తెలుసు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

ఆరో ప్రశ్న దగ్గర మోరీన్ కలం ఆపింది. “ఇది ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరికి వాళ్ళు చెప్పాలి, చివర సంతకం పెట్టాలి. బోటు మీద బతకడం మీకు ఇష్టమేనా?” మా ఆయన వెంటనే అవునన్నారు, స్వేచ్ఛ గురించి నాలుగు ముక్కలు చెప్పారు. ఆవిడ రాసుకుని నా వైపు తిరిగింది.

“ఆయన ఇష్టం” అన్నాను. ఇంగ్లీషులో చెప్పినా నేను చెప్పింది అదే పాత మాట. నవ్వుతూనే చెప్పాను.

మోరీన్ కళ్ళజోడు తీసింది. “ఆయన ఇష్టం ఆయన చెప్పారు, రాసుకున్నాను. మీదే ఖాళీగా ఉంది.”

గదిలో ముగ్గురూ నావైపు చూస్తున్నారు. అవునంటే పోతుంది. లేదంటే పోతుంది. రెంటిలో ఏదో ఒకటి నోట్లోంచి రావాలి కదా, రాలేదు. సిగ్గుపడో భయపడో కాదు. లోపల వెతికాను, ఏమీ దొరకలేదు. నలభయ్యో ఏట పడబోతున్న మనిషిని, కుక్కల్లో ఏ జాతి పంపుకి అడ్డం పడుతుందో చెప్పగలను గాని, నాకు ఫలానాది కావాలని ఒక్క ముక్క చెప్పలేకపోయాను. మోరీన్ ఆ గడిని అలాగే ఖాళీగా వదిలేసి, ఫారం నా చేతికిచ్చింది. “ఇది నిండితేనే కుక్కపిల్ల. ఈలోగా దీన్ని రెండు వారాలు బోటు మీద ఉంచుకోండి. మీకు కుక్కతో బతకడం వస్తుందో రాదో ఇదే నాకు చెప్తుంది” అని ఒక ముసలి స్కిపర్‌కీని తెచ్చి కీర్తి ఒళ్ళో పెట్టింది. పేరు డచెస్. తొమ్మిదేళ్ళు. నాలుగు ఈతలు ఈని, ఇక పనికి రాదని పక్కన పెట్టిన కుక్క.

దారిలో మా ఆయన కారు కొంచెం గట్టిగానే నడిపారు. “అవునని ఒక్క ముక్క అంటే పోయేదిగా! నిన్నేదో కట్టేసి లాక్కెళ్తున్నట్టు నిలబెట్టావు నన్ను ఆవిడ ముందు.”

“లేదండీ, నిజంగానే తెలీలేదు” అన్నాను.

“తెలీకపోవడమేంటి? ఇష్టమో కాదో మనిషికి తెలీదా?”

ఆయన అడిగింది న్యాయమే. నాకూ అదే అర్థం కాలేదు.

జూలై సెలవుల్లో రెండు వారాలకి బట్టలూ గిన్నెలూ సర్దుకుని బోటెక్కాం. ఇల్లు ఇంకా ఖాళీ చెయ్యలేదు, ఇది వట్టి అలవాటు కోసం. మొదటి రోజే తెలిసిందేంటంటే, డచెస్ డెక్కు మీద ఒంటికి రెంటికి పోదు. పుస్తకంలో రాసినట్టు గడ్డిచాప పరిచి, బతిమాలి, కసిరి, కుక్కల్ని పొమ్మనడానికి అంబీ ఆంటీ నేర్పినట్టు ఫుట్సెక్ అని అరిచి చూశాం. అది మా మొహాలు చూస్తూ కూచుంది, సాయంత్రం దాకా బిగబట్టుకుంది. దాన్ని ఒడ్డుకి చేర్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది, దానికి తోక లేకపోయినా. దాని నడుముకి కట్టిన పటకాకి పైన చేతిపిడి ఉంటుంది. సంచీ ఎత్తినట్టు ఎత్తి జెట్టీ మీద దింపాలి. మా ‘అందరం’లో ఆ పని ఎవరికి పడిందో చెప్పక్కర్లేదు.

రోజూ తెల్లారగట్ల లేచి దాన్ని దింపేదాన్ని. మొదటి రెండు రోజులు తిట్టుకుంటూ నడిచాను. మూడో రోజు తిట్టుకోవడం మర్చిపోయాను. హార్బరు మొగలో పాయింట్ అనే చోటు వైపు ఆకాశం ఎర్రబడుతుంటే, చక్కెర గోదాముల మీంచి బెల్లప్పాకం వాసన వస్తుంటే, జెట్టీ పలకల మీద దాని గోళ్ళ చప్పుడు, నా చెప్పుల చప్పుడు, అంతే. ఆ గంటలో నన్నెవరూ ఏదీ అడగరు. డచెస్ అయితే ప్రతి గుంజనీ వాసన చూసి, ఇది కాదని ఇంకోదానికి వెళ్ళి, అదీ కాదని వెనక్కి వచ్చి, తనకి నచ్చిన చోట కూచునేది. దాని పని అయ్యేదాకా నిలబడడం తప్ప నాకు ఇంకే పనీ లేదు. ఇంత తీరిగ్గా నేను ఆఖరుసారి ఎప్పుడు నిలబడ్డానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను.

ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. బోటు మీద ఇంటిపని లేదు. ఊడవడానికి నాలుగు అడుగుల నేల, కడగడానికి మూడు కంచాలు. ఊగే పొయ్యి మీద ఒక కూర, అన్నం, అంతకుమించి ఎవరూ అడగలేరు. ఆదివారాలు ముందు చెప్పకుండా దిగే ఆయన స్నేహితులు, “సిస్టర్, మీ పులిహోర కోసం వచ్చాం” అనేవాళ్ళు, ఇక్కడికి వస్తే కూచోడానికే చోటు లేదు. షాల్‌క్రాస్ ఇంట్లో మూడు పడగ్గదులు నేను ఎవరి కోసం తుడుస్తున్నానో ఇప్పటికీ తెలీదు. కాని ఆయన పని మాత్రం పెరిగింది. జెట్టీ కుళాయి నుంచి మంచినీళ్ళ క్యాన్లు మొయ్యాలి, గ్యాస్ బండ మార్చాలి, మరుగుదొడ్డి పంపు అడ్డుపడితే చేత్తో విప్పాలి. అదంతా ఇంటిపనే. బోటు మీద కాబట్టి కెప్టెన్ పని అయింది, కెప్టెన్ తనే అని మొదటిరోజే చెప్పేశారు కాబట్టి ఆయనకి తప్పలేదు. వారం తిరిగేసరికి నడుం పట్టుకుంది. విశాఖ నుంచి మా అత్తగారు ఫోనులో, “ఇల్లూ వాకిలీ లేనివాళ్ళలాగా పడవలో కాపురమేంట్రా, నలుగురూ నవ్వరూ?” అందట. మర్నాటి నుంచి ఆయనకి క్యాబిన్ పైకప్పు కూడా తలకి తగలడం మొదలైంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, “లెస్లీ ఈ బోటు డిజైన్ గురించి నాకు సరిగ్గా చెప్పలేదు” అనేవారు.

అయితే నాకు బోటు ఇష్టమేనా? ఇంటిపని తప్పిందని ఇష్టమా? పొద్దుటి గంట కోసం ఇష్టమా? లేక ఆయన నీళ్ళు మోస్తుంటే చూడడానికి బావుండి ఇష్టమా? ఇవన్నీ ఇష్టమే అయితే, మధ్యాహ్నాలు అంబీ ఆంటీ వాకిలీ కరివేపాకు చెట్టూ ఎందుకు గుర్తొస్తున్నాయి? తొమ్మిదో రోజు ఆ ఫారం తీసి, ఆరో ప్రశ్న కింద నా గడిలో పెన్సిల్‌తో ‘తెలీదు’ అని రాశాను. చెరపడానికి వీలుగా ఉంటుందని పెన్సిల్‌తో.

పదో రోజు సాయంత్రం లెస్లీ మిగిలిపోయిన పనిముట్లేవో తీసుకెళ్ళడానికి వచ్చాడు, వెంట అతని నల్లకుక్క. నేను టీ ఇచ్చి, మాటవరసకి అడిగాను. “మోరీన్ ఫారంలో ఆరో ప్రశ్నకి మీ ఆవిడ ఏం రాసింది?”

“ఏ ఫారం?” అన్నాడు.

చూపించాను. నాలుగు పేజీలూ తిరగేశాడు, పెద్దగా నవ్వాడు. “నాకిలాంటిదేమీ ఇవ్వలేదే! కుక్కపిల్లని చేతిలో పెట్టి, ఒక బీరు తాగి వెళ్ళమంది.” అంటూ అంటూనే నవ్వు ఆపేశాడు. మా ఆయన మొహం, నా మొహం చూసి, టీ సగంలో వదిలేసి, పనిముట్ల పెట్టె కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

ఆ వారం ఉతికిన బట్టలు తెచ్చుకోడానికి షాల్‌క్రాస్ వెళ్ళినప్పుడు అంబీ ఆంటీకి చెప్పాను. ఆవిడేం ఆశ్చర్యపోలేదు. “మాకు ఫారాలు కొత్తా, ఇమలా? తెల్లోల్లు ఈ ఇల్లు ఇచ్చేటప్పుడు ఎన్ని ఫారాలు, ఎవల పిల్లవి, ఎక్కడ పుట్టినావు, ఎంతమంది పడుకుంటారు. ఆ జెట్టీ మీద మమ్మల్ని కాలు పెట్టనిచ్చినారా? ఓటు ఇచ్చినారు, ఫారం తీసెయ్యనేదు. అది నిన్ను పొమ్మని రాసిన ఫారం. నింపొద్దు, సింపెయ్.”

చింపెయ్యాలనే ఉంది. చాలా కోపంగా ఉంది నాకు. నా సున్నుండల డబ్బా మూత కూడా తియ్యని మనిషి, మేం విసిగిపోయి రాకుండా ఉండాలని కూచుని రాసిన ప్రశ్నలవి. ఫారం పట్టుకుని, జెట్టీ చివర చాలాసేపు నిలబడ్డాను. చింపలేకపోయాను. ఆ ప్రశ్న నన్ను అవమానించడానికే రాసిందనుకుందాం. మరి నన్ను గౌరవించేవాళ్ళు, ప్రేమించేవాళ్ళు, దాన్ని ఒక్కసారైనా ఎందుకు అడగలేదు? అడిగినా జవాబు కోసం ఎందుకు ఆగలేదు? ఈ ఆలోచన వచ్చాక ఎవరి మీద కోపపడాలో నాకు తెలియకుండా పోయింది. డచెస్ నా పాదాల మీద కూచుని చేపలు ఎగరడం చూస్తోంది.

మా ఆయనకి మాత్రం ఆ ఫారం బాగా కలిసొచ్చింది. రెండో ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ చెప్పేశారు. “ఆత్మగౌరవం ఉన్నవాడెవడూ ఇలాంటిచోట ఉండడు విమలా. బోటు అమ్మేద్దాం. అంబీగారితో మాట్లాడాను, ఇల్లు ఖాళీ చెయ్యట్లేదని చెప్పేశాను. ఆ కుక్కని ఆవిడకి తిప్పి పంపించెయ్. రేపట్నించి కీర్తికి బడి కూడాను.” అప్పటికే ఆయన పెట్టె సగం సర్దారు. ఆయన పెట్టె ఆయన సర్దుకోవడం నేను చూడడం అదే మొదటిసారి.

“మాట్లాడేశారా?” అన్నాను.

“నీకూ ఇష్టం లేదుగా మొదట్నించీ.”

“అలా ఎప్పుడన్నాను?”

“ఇష్టమని మాత్రం ఎప్పుడన్నావు?”

ఇద్దరం చెప్పిందీ నిజమే. నేను నోరు తెరిచాను. ‘మీ ఇష్టం’ అన్నమాట నాలుక చివర సిద్ధంగా ఉంది, పధ్నాలుగేళ్ళుగా దాని చోటు అదే. అనేస్తే అరగంటలో షాల్‌క్రాస్‌లో ఉంటాం, మధ్యాహ్నానికి పులిహోర కలుపుతుంటాను. ఎందుకో మోరీన్ గొంతు వినపడింది, నాకు ఆ గొంతు నచ్చదు కూడా. మీదే ఖాళీగా ఉంది.

నేను క్యాబిన్‌లోకి దిగి, ఫారం తీసి, మడత బల్ల విప్పి, పరిచాను. వెనకాలే దిగిన ఆయన్ని కలం అడిగి తీసుకున్నాను. కుక్కపిల్ల ఆడదా మగదా అన్నచోట కొట్టేసి, ‘కుక్కపిల్ల వద్దు, డచెస్ కావాలి’ అని రాశాను. పుస్తకాల్లో, నా పట్టికలో, ఎక్కడా ముసలికుక్క అన్న వరసే లేదు. ఒడ్డుకి తీసుకెళ్ళేది ఎవరు అన్నచోట ‘అందరం’ కొట్టేసి నా పేరు రాశాను. వెనక పేజీలో నేనూ ఒక ప్రశ్న వేశాను. ‘ఈ ఫారం లెస్లీకి ఎందుకివ్వలేదు? జవాబు నాకు రాసి పంపాలి.’

“ఏం చేస్తున్నావు? వెళ్ళిపోతున్నాం అంటుంటే ఇంకా ఫారమేంటి?” అన్నారు ఆయన.

“మీరు వెళ్ళండి. నేను కొన్నాళ్ళు ఇక్కడుంటాను. జెట్టీ అద్దె సెప్టెంబరు దాకా కట్టారుగా.”

“ఒక్కదానివా? కీర్తి?”

కీర్తి క్యాబిన్ మెట్ల మీద కుక్కని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పిల్ల మొహం చూస్తే నేనూ వెళ్ళిపోదామనే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. “బడి రోజులు నాన్న దగ్గర. సాయంత్రాలు నేను వస్తాను. శుక్రవారం బడి అవగానే నువ్వే వచ్చెయ్, ఆదివారం దాకా” అన్నాను. కీర్తి కుక్కని దగ్గరికి లాక్కుని, “డచెస్‌ని ఇచ్చెయ్యకపోతే వస్తా” అంది.

“మరి రేపు పొద్దున్న నా క్యారేజీ?” అన్నారాయన. నిజంగానే అడిగారు, వెటకారం కాదు. ఆ ప్రశ్నకి మాత్రం జవాబు కోసం లోపల వెతుక్కోనక్కర్లేకపోయింది.

“మీ ఇష్టం అండీ” అన్నాను.

ఆయన బల్ల మీదకి వంగి, “ఎన్నాళ్ళు? బోటంటే అంత ఇష్టమా నీకు? నామీద కోపమా? ఏదో ఒకటి చెప్పు” అన్నారు. గొంతులో అధికారం లేదు, అయోమయం ఉంది. పధ్నాలుగేళ్ళలో మొదటిసారి ఇద్దరం ఒకే స్థితిలో ఉన్నాం అనిపించింది.

చెప్పడానికి నా దగ్గర ఏదో ఒకటి లేదు. అందుకే రాశాను. ఆరో ప్రశ్న కింద నా గడిలో పెన్సిల్‌తో ఉన్న ‘తెలీదు’ని చెరపలేదు. దానిమీదే సిరాతో దిద్ది, పక్కన ఇంకో వాక్యం చేర్చి, మిసెస్ సత్య అని కాకుండా విమల అని తెలుగులో సంతకం పెట్టాను. ఆయన ఫారం తనవైపు తిప్పుకుని పైకి చదివారు.

“తెలీదు. తెలిసేదాకా ఇక్కడే ఉంటాను.”